మెస్‌కు వెళ్లే దారి

చంద్రపూర్

చిన్నమ్మా,

ఫోన్‌లో చెబితే ఏడుపొస్తుందని రాస్తున్నాను. మా హాస్టల్ నుంచి మెస్‌కు వెళ్లే దారిలో లైట్లు లేవు, రెండు పక్కలా పొదలు. మొన్న మాపటివేళ అన్నానికి వెళ్తుంటే మా కళ్ల ముందే చిరుతపులి ఒక కుక్కను నోట కరుచుకుపోయింది. వార్డెన్‌కు చెబితే, "గుంపుగా పోండ్రి, ఏంగాదు" అన్నది. మరునాడు ఆడపిల్లలమంతా ప్రిన్సిపాల్ గది ముందు కూర్చుని, కదిలేది లేదన్నాం. సాయంత్రానికి పొదలు కొట్టించారు గానీ లైట్లు ఇంకా పెట్టలేదు. చీకటి పడితే నేనూ, నా గదిలో ఉండే విద్యా తినకుండానే పడుకుంటున్నాం.

చిన్నాయన గనికి తీసుకెళ్లే టార్చిలాంటిది ఒకటి పంపు. బాపుకు మాత్రం చెప్పకు. తెలిస్తే, "సదువు సాలు, ఇంటికి నడువు" అంటాడు. ఇక్కడ ఉండాలంటే భయంగా ఉంది. వాపసు రావాలంటే ఇంకా భయంగా ఉంది.

నీ బిడ్డ