ఎండుచేపల వాసన కొట్టిన ఓట్లు

అమ్మకు, నేను కులాసా. నా బొమ్మల కథ ఇంకా ఆపెయ్యలేదు, కంగారుపడకు.

పత్రికలోంచి కత్తిరించి పాఠకులు పంపే ఓటు కార్డులను బట్టే ఏ కథ ఉంచాలో, ఏది ఆపాలో తేలుస్తారని నీకు చెప్పింది నేనే. నిన్న ఎడిటరు కురమోచి గారు ఆఫీసులో అందరి ముందూ ఒక కట్ట విప్పారు. ముప్ఫై ఒక్క కార్డులు, ముప్ఫై ఒక్క పేర్లు, అన్నీ నా కథకే. అన్నిటి మీదా మన ఊరి తపాలా ముద్రే, అన్నీ ఒకటే ఎండుచేపల వాసన.

"మాస్టారూ, మీ అభిమానులంతా ఒకే వలలో పడ్డట్టున్నారే!" అన్నారాయన. గదంతా ఘొల్లుమంది.

పోయి ఆరేళ్లయిన తాతయ్య పేరు కూడా రాశావు. వయసు పన్నెండట!

"ఈ చేతిరాత ఎవరిదో మీకేమైనా తెలుసా?" అని అడిగారు.

"ఎవరో పనీపాటా లేనివాళ్లు లెండి" అన్నాను. వాళ్లతోపాటు నవ్వాను కూడా.

ఇక పంపకు. అన్ని పత్రికలు కొని ఎక్కడ దాచావు? చేపలు ఆరబెట్టే చోట తడిలో నిలబడకు, మోకాలు ఎలా ఉంది? నా నీలం స్వెట్టరు చెల్లాయి హిసాకోతో పంపించు. దానికి నా దీవెనలు.

అందరూ వెళ్లాక చెత్తబుట్టలోంచి తాతయ్య కార్డు ఏరుకున్నాను. నచ్చిన పాత్ర ఏదన్న చోట, "కుర్రాడి తల్లి. ఒక్కసారే కనిపించింది" అని రాశావు.

ఇదంతా కవరులో పెట్టి పంపవచ్చు. మన ఊరి పోస్టుమాన్ కూడా చదవాలనే పోస్టుకార్డు మీద రాశాను.

నిన్ను ఎరగనన్న నీ కొడుకు,
తొకుజి