క్యాప్సూల్ తలుపు తీశాను

శనివారం, రాత్రి

మా స్కూల్ పిల్లలం ఏర్పాటు చేసుకున్న ఉత్తుత్తి అంతరిక్ష యాత్ర ల్యాండింగ్ కాకుండానే ఆగిపోయింది. ఆపింది నేనే.

ప్లైవుడ్ క్యాప్సూల్‌లో కమాండర్‌గా స్రవంతి, బయట కంట్రోల్ రూమ్‌లో మైకు ముందు నేను. ల్యాండింగ్‌కు అరగంట ఉందనగా స్రవంతి వాళ్ల అన్న నాకు ఫోన్ చేశాడు.

"నాన్నకు ఛాతిల నొప్పొచ్చింది, దవాఖానకు తెచ్చినం. చెల్లెకు ఇప్పుడే చెప్పకు, అయిపోయినంక పంపు" అన్నాడు.

లోపలున్నవాళ్లకు బయటి కబుర్లు చెప్పొద్దని నియమం పెట్టింది కూడా స్రవంతే.

"కంట్రోల్, నీ గొంతు గట్లున్నదేందే? అంతా మంచిగనే ఉన్నదా?" అని అడిగింది.

"అంతా ఓకే" అన్నాను. ఆ అబద్ధం చెప్పాక ఇక కూర్చోలేకపోయాను. పక్కనున్న రోహిత్ "జర ఆగు, ఇంక కొద్దిసేపే" అంటున్నా వినకుండా వెళ్లి, ల్యాండింగ్ అయ్యేదాకా తీయకూడని క్యాప్సూల్ తలుపు తీశాను.

"ఎందుకాపినవే? ఇన్ని నెలల కష్టం!" అని స్రవంతి అరిచింది. విషయం చెప్పాను. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. నీలం మిషన్ డ్రెస్‌తోనే ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

అరగంటలో ఏం మారిపోయేదని ఒకసారి అనిపిస్తుంది. ఆ అరగంటే ఆఖరిదైతే అని ఇంకోసారి...

ఇప్పుడే మెసేజ్ పంపింది. "ఐసీయూలకు తీస్కపోయేముందు నాన్న నా చెయ్యి పట్టుకున్నడు. డాక్టర్లు ఇంకా ఏం చెప్తలేరు. నువ్వు పండుకోకే, నాకు భయమైతాంది."

పండుకోనని జవాబిచ్చాను. ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి, దాని పక్కనే కూర్చున్నాను.