ఇంకా నేర్చుకుంటున్నాడు

1988 ఫిబ్రవరి 9
ఇబ్రహీంపూర్ మల్లయ్య మోటారుకు స్విచ్ వేశాం. తిరిగింది. గంటసేపు తిరిగినా ఒళ్లు కాలలేదు. మొదటి చుట్టు నుంచి వార్నిష్ దాకా ఇద్రీస్ ఒక్కడే చేశాడు. నేను వేలు పెట్టలేదు. నోరు పెట్టాను, అది అలవాటు.

తీగలు కత్తిరించే నా పట్టకారు, పక్కడ్, ఇద్రీస్‌కు ఇచ్చేశాను. మా ఉస్తాద్ నాకిచ్చిన పక్కడే, పిడి మీద ఎర్ర రబ్బరు అరిగిపోయినది. వైండింగ్ పనిలో మా లెక్క ఇదే — పని నేర్చుకునే శాగిర్దు ఒంటిచేత్తో మోటారు లేపిన రోజు ఉస్తాదు తన పక్కడ్ వాడి చేతిలో పెట్టి నలుగురికీ దూద్‌పేడా పంచుతాడు. ఆ తర్వాత వాణ్ని ‘నేర్చుకునేటోడు’ అనకూడదు. అంటే తిట్టినట్టే.

ఇద్రీస్ సూడాన్ నుంచి వచ్చాడు, హైదరాబాదులో కరెంటు ఇంజనీరింగు చదివాడు, నాలుగు నెలలుగా నా బల్ల ముందు కూర్చుంటున్నాడు. ఇరవై ఆరేళ్ల మనిషి కళ్లు తుడుచుకున్నాడు. “ఉస్తాద్, గిది నాకేనా?” మా వీధిలో హలీమా బీ ఇంట్లో కిరాయికి ఉంటాడు కదా, హైదరాబాదులో సగం వచ్చిన తెలుగు ఉర్దూ రెండూ ఆమె దగ్గరే పూర్తిగా పట్టాడు. అచ్చం సిద్దిపేట మాట.

ఫిబ్రవరి 11
ఏడు మోటార్లు వచ్చాయి. కరెంటు సన్నగా వస్తోంది, మోటార్లు మాడుతున్నాయి. రైతుకు ఏడుపు, నాకు పని... బయట అనలేని మాట.

ఫిబ్రవరి 15
ఇద్రీస్ ఒక కాగితం తెచ్చాడు. చదువుకోవడానికి ఇచ్చిన పర్మిటు. ఏప్రిల్ 30తో సరి. చదువైపోయింది కనుక ఊరికే ఉండనివ్వరు. అక్కడ వాళ్ల దేశంలో కరెంటాఫీసు నౌకరీకి, ఏడాది చేత్తో పని చేసినట్టు కాగితం కావాలట. నాలుగు నెలలైంది. ఇంకా ఎనిమిది కావాలి. అవి లేకుండా పోతే నాలుగేళ్ల చదువు గోడకు కొట్టినట్టే.
“పర్మిటు పెంచనీకి ఒక చీటీ రాసియ్యండ్రి ఉస్తాద్.”
అదెంత పని అన్నాను.

ఫిబ్రవరి 16
నేను చెప్తుంటే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అమ్మాయి ఇంగ్లీషులో కొట్టింది. ‘మా దుకాణంలో ఇతడే ఉస్తాదు. నాకంటే శుభ్రంగా చుడతాడు. ఇతడు లేకపోతే దుకాణం నడవదు.’ ఎంత మంచిగా రాస్తే అంత మంచిది కదా.
ఇంట్లో చదివి వినిపిస్తే సత్తెమ్మ నవ్వింది. “నీకు పొగుడుడు గూడ వస్తదా? ఇరవై ఏండ్లసంది నా కూర మంచిగున్నదనలే.”

ఫిబ్రవరి 22
ఇద్దరం సంగారెడ్డి పోయాం. జిల్లా పోలీసాఫీసులో విదేశీయుల కాగితాలు చూసే గుమాస్తా మంచివాడు. చీటీ రెండుసార్లు చదివాడు. కళ్లజోడు తీశాడు.
“పెద్దాయనా, మీరు మంచికే రాసిన్రు. గని గీ చీటే ఈయనను విమానం ఎక్కిస్తది.”
చదువు వీసా మీద ఉన్నవాడు నౌకరీ చెయ్యకూడదట. పని నేర్చుకుంటున్నాడంటే గడువు పెంచమని పైకి రాస్తారు. పని చేస్తున్నాడంటే, దేశం పోయి నౌకరీ వీసా తెచ్చుకోవాలి. “వైండింగ్ దుకాణంల పనికి ఆ వీసా ఎవరిస్తరు చెప్పున్రి.” కాదంటే ఇంకో కాలేజీలో చేరాలి. ఇద్రీస్ తల అడ్డంగా ఊపాడు. వాళ్ల నాన్న ఇక చదివించలేడు.
మిగిలింది ఒకటే దారి. నేర్చుకునేటోడు కావాలి.
బస్సులో ఇద్దరం కిటికీ బయటికే చూశాం.

ఫిబ్రవరి 23
చీటీ రాయలేదు.

ఫిబ్రవరి 25
రాశాను. ‘ఇంకా నేర్చుకుంటున్నాడు. పని పూర్తిగా రాలేదు.’ టైపు అమ్మాయి నా మొహం చూసింది. “మొన్న అట్ల చెప్పిన్రు గద?” అంది. నువ్వు కొట్టమ్మా అన్నాను. సంతకం పెట్టాను. సిగ్గేసింది.
దుకాణానికి వచ్చేసరికి పక్కడ్ నా బల్ల మీద ఉంది. ఇద్రీస్ మోటారు మీంచి తల ఎత్తకుండా అన్నాడు — “అప్పటిదాంక మీ తాననే ఉండనియ్యండ్రి. నా తాన ఉంటె చీటీ అబద్ధమైతది.”
పెట్టెలో పెట్టి తాళం వేశాను. నాకు కోపం. ఎవరి మీదో తెలియదు.

మార్చి 6
ఇతను ఉండాలని ఎవరి కోసం అనుకుంటున్నాను? అతని కాగితం కోసమా, నా దుకాణం కోసమా? సన్న తీగ నాకు ఇప్పుడు సరిగా కనబడదు. వచ్చేది ఎండాకాలం. రెండూ నిజమే. ఇంత మాట ఇక్కడే రాయగలను.

మార్చి 18
విచారణకు పోలీసు జమేదారు వస్తాడని కబురు. రైతులందరికీ చెప్తున్నాను, అతన్ని ఉస్తాద్ అనకండి అని. మల్లయ్య ఊరుకుంటాడా! “మరేమని పిలవాలె? నీకేమన్న అల్లుడా?” దుకాణమంతా నవ్వు. ఇద్రీస్ కూడా.

మార్చి 24
జమేదారు వచ్చాడు. స్టూలు వేశాను. చాయ్ తెప్పించాను.
“ఈయనేనా? ఏం చేస్తుండు?”
“నేర్చుకుంటుండు సార్. ఇంక రాలే.”
అప్పుడే ఇద్రీస్ ఒక మోటారుకు తీగలు కలిపి స్విచ్ వేశాడు. ఉల్టా తిరిగింది. రెండు తీగలు అటుది ఇటు, ఇటుది అటు కలిపినందుకు. నిద్రలో కూడా ఆ తప్పు చెయ్యని మనిషి! నాకు అర్థమైంది. లేచి అరిచాను — “ఎన్నిసార్లు చెప్పాలె నీకు? తలకాయ ఏడ పెట్టినవ్?” అతను తల దించుకున్నాడు. “తప్పైంది ఉస్తాద్.” ఇన్నేళ్లలో ఏ శాగిర్దునూ తిట్టి ఇంత బాధపడలేదు.
జమేదారు చాయ్ పక్కన పెట్టాడు. “చేతులు సూపియ్యి” అన్నాడు ఇద్రీస్‌తో. చూపుడు వేలి పక్కన కాయ, బొటనవేలి కింద కాయ. తర్వాత నా చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. అవే చోట్ల అవే కాయలు.
“రాజన్నా, గీ వయసుల నీకు అబద్ధం వస్తలేదు.”
చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఎట్లాగో అన్నాను, “ఏది రాస్తె ఉంటడో గది రాయున్రి సార్.”
“నేను సూసింది రాస్త.”
రాసుకున్నాడు. పోయాడు. చాయ్ సగం మిగిలింది.

మార్చి 25
ఏం చూసినట్టు? ఉల్టా తిరిగిన మోటారా, చేతులా?

ఏప్రిల్ 8
కబురు లేదు.

ఏప్రిల్ 20
రంజాన్ నెల. ఎండలో, నోట్లో నీటిచుక్క లేకుండా వార్నిష్ దగ్గర కూర్చుంటాడు. వద్దంటే వినడు. సత్తెమ్మ సాయంత్రానికి ఖర్జూరాలు పంపుతోంది. నాకు మాత్రం షుగరని ఒక్కటీ పెట్టదు.

ఏప్రిల్ 28
సంగారెడ్డి నుంచి పిలుపు. ‘రేపు రావలెను.’ అంతే. ఉంచుతారని లేదు, పంపుతారని లేదు. మల్లయ్యది ఇంకో మోటారు మాడి వచ్చింది. ఇద్రీస్ సాయంత్రం దాకా సగం చుట్టి లేచాడు. “రేపొచ్చి చేస్త ఉస్తాద్. మీరు ముట్టకండ్రి.”

ఏప్రిల్ 29
పొద్దున ఇద్రీస్‌తో బస్టాండు దాకా పోయాను. అతను టికెట్టు కోసం నిలబడ్డప్పుడు, పక్కడ్ గుడ్డలో చుట్టి అతని సంచిలో అడుగున పెట్టేశాను. చెప్పలేదు. ఏ కాగితం వచ్చినా రాకపోయినా అతనిది అతని దగ్గర ఉండాలి. ఆఫీసులో సంచి విప్పినా ఏం భయం? దాని అర్థం సంగారెడ్డిలో ఎవరికి తెలుసు!

మధ్యాహ్నం మూడు. మల్లయ్య వచ్చి కూర్చున్నాడు. మడి ఎండుతోందట.
“నువ్వే చుట్టరాదు రాజన్నా?”
ఒకరు మొదలుపెట్టిన కాయిలు ఇంకొకరు ముట్టరు. ఎన్ని చుట్లయ్యాయో చుట్టినవాడికే తెలుసు. అదే చెప్పాను.
“మరి ఆయన ఎప్పుడొస్తడు?”
“వస్తడు.”
“ఇయ్యాల్నేనా?”
సంగారెడ్డి బస్సు వచ్చి దుకాణం ఎదుట స్టాపులో ఆగింది. దిగేవాళ్లు దిగుతున్నారు. ఇద్దరం అటే చూస్తున్నాం.