ఆరున్నొకటి

మార్చి 4, మంగళవారం

ఫ్యాక్టరీలో ఈరోజు ట్రైనింగ్. గుండీలు లెక్కపెట్టి కవర్లో వేసే మా సెక్షన్‌కి ట్రైనింగ్ ఏమిటో! మేడమ్ తెర మీద చుక్కలు చూపించి టక్కున తీసేసేది. ఎన్ని, అని అడిగేది. రెండు, మూడు, నాలుగు వరకూ అందరం కరెక్ట్. ఐదు దాటాక ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పారు. నాలుగు దాకా లెక్కపెట్టక్కర్లేదట, చూడగానే మెదడుకి తెలిసిపోతుందట. అంతకు మించితే చాలా ఉన్నాయి అని మాత్రం చెప్పి ఊరుకుంటుందట.

మా అక్క ఊరుకుంటుందా. లేచి నిలబడి, అందుకే కదండీ నేను ట్రేలో పైన నాలుగు, కింద మూడు పేర్చమని పదేళ్లుగా మొత్తుకుంటున్నాను, ఆ జీతమేదో నాకివ్వండి అంది. అందరూ పగలబడి నవ్వారు.

కవర్‌కి ఏడు గుండీలు. కానీ అక్క ముందు ఏడు అనకూడదు. ఆరున్నొకటి అనాలి. పొద్దున్నే నన్ను ఏడు ఏడు అంటావేంటే, నీ నోట్లో మన్ను పడ, అంటుంది. వచ్చే సంవత్సరాన్ని వచ్చే ఏడు అన్నా ఒప్పుకోదు. ఆవిడ దెబ్బకి సూపర్‌వైజర్‌తో సహా సెక్షనంతా ఆరున్నొకటే.

చివర్లో ఇంకో ఆట. కళ్లు మూసుకుని, నిమిషం అయిందనిపించగానే చెయ్యెత్తాలి. అక్క ముప్పై సెకన్లకే ఎత్తేసిందట. నేను ఎత్తనే లేదు. మేడమ్ వచ్చి భుజం తట్టింది. అప్పటికి రెండు నిమిషాల పది సెకన్లు. అందరూ కళ్లు తెరిచి నన్నే చూస్తున్నారు. చేతిలో పనుంటే ఇంకా తేడా వస్తుందట. అక్క దారి పొడవునా, ఏమే ఆగిపోయిన గడియారమా, అని పిలుస్తూనే ఉంది. కోపమొచ్చింది. నవ్వూ వచ్చింది.

మార్చి 9, ఆదివారం, ఉదయం 8

అర్జెంట్ ఆర్డర్. గుండీల బస్తా ఇంటికే తెచ్చుకున్నాం. రాయడానికి టైమ్ లేదు.

మార్చి 16, ఆదివారం

అక్క పోయి వారం. వారానికి ఎన్ని రోజులో రాయను.

వరసగా రాస్తాను. ఆ రోజు మధ్యాహ్నం సూపర్‌వైజర్ వచ్చి, అప్పటిదాకా మేమిద్దరం చేసిన పెట్టెలన్నీ తీసుకెళ్లాడు. గది ఖాళీ అయింది. అక్క నడుం పట్టేసిందంటూ లేచింది. స్నానం చేసి ఐదు నిమిషాల్లో వచ్చేస్తానే, అంది. నేను కొత్త పెట్టె అందుకున్నాను. నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. పైన నాలుగు, కింద మూడు. పైన నాలుగు, కింద మూడు. నీళ్ల చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉందేమిటి అనిపించి లేచాను.

తలుపు గడియ వేసి లేదు. బకెట్ నిండి పొర్లుతోంది. అక్క కింద పడి ఉంది. జడ విప్పనైనా లేదు. గూట్లో సబ్బు పొడిగా ఉంది. అంటే వెళ్లగానే పడిపోయింది. ఊపిరి మాత్రం ఉంది.

ఆస్పత్రిలో, తలలో నరం చిట్లిందన్నారు. డాక్టర్ నన్ను అడిగాడు, ఎంతసేపటికి చూశారమ్మా అని. ఐదు నిమిషాలు, అన్నాను. అబద్ధం చెప్పలేదు. నాకలాగే అనిపించింది. అయితే ఎవరూ చేయగలిగింది లేదన్నాడు. ఇరవై నిమిషాలు దాటి ఉంటే అది వేరే సంగతి, ఆలస్యమైందని అనుకునేవాళ్లం అన్నాడు.

బావ బస్సు డ్రైవర్. ఆ రోజు డ్యూటీలో ఉన్నాడు. సాయంత్రానికి గానీ రాలేకపోయాడు. ఇప్పుడు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెబుతున్నాడు. మా మరదలు ఐదు నిమిషాల్లోనే చూసిందండీ, అయినా దక్కలేదు, అని. చెప్పి కాస్త తేలికపడతాడు. నాకు అన్నం పెట్టుకొస్తాడు.

ఐదు నిమిషాలు అనేది అక్క మాట. నా మాట కాదు.

మార్చి 19, బుధవారం, ఉదయం 10

గది ఊడుద్దామని వంగాను. మంచం కింద పెట్టెలు. అక్క లోపలికి వెళ్లాక నేను చేసినవి. ఒకటి నిండగానే కిందకి నెట్టి ఇంకోటి అందుకున్నట్టున్నాను. గుర్తు లేదు.

పెట్టెకి పాతిక కవర్లు. నా చేతికి పెట్టె ఐదు నిమిషాలు. అటూ ఇటూ కాదు, సూపర్‌వైజర్ స్టాప్‌వాచ్ పెట్టి చూసి బోర్డు మీద రాశాడు.

దుప్పటి అంచు కిందికి లాగేశాను. ఎన్నున్నాయో చూడలేదు.

మధ్యాహ్నం 3

చూశాను. వంగినప్పుడే చూశాను. నాలుగైతే తెలిసిపోయేది. నాలుగు దాకా చూడగానే తెలిసిపోతుంది కదా.

నాకు చాలా ఉన్నాయని మాత్రం తెలిసింది.

మార్చి 20, గురువారం

పక్కింటావిడ నా చెయ్యి పట్టుకుని, గట్టిగా ఏడ్చెయ్యమ్మా, బరువు దిగుతుంది, అంది. నిజంగానే ప్రయత్నించాను. ఆవలింత వచ్చింది. ఆవిడ చెయ్యి వదిలేసింది. మెట్ల మీద ఎవరితోనో, రాతిగుండె, అనడం వినబడింది. ఆవిడ తప్పేం లేదు.

మార్చి 23, ఆదివారం

కళ్లు మూసుకుని నిమిషం అనిపించగానే చెయ్యెత్తాను. ఫోన్లో ఆరు నిమిషాలు చూపించింది. ఎదురుగా బావ కంచంతో నిలబడి ఉన్నాడు. ఎన్నిసార్లు పిలిచాడో.

మార్చి 25, మంగళవారం

సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. అడగకూడదు గానీ, లోడ్ రేపే వెళ్లిపోతుంది, మీ దగ్గర పెట్టెలు ఎన్ని ఉన్నాయమ్మా అన్నాడు. తెలీదన్నాను. ఒకసారి చూసి చెప్పమన్నాడు. వచ్చి తీసుకెళ్లండి అని పెట్టేశాను. మనసు మార్చుకుని గుండీలన్నీ మళ్లీ బస్తాలో పోసేద్దామా అనుకున్నాను. మంచం దాకా వెళ్లాను. వంగలేదు.

మార్చి 26, బుధవారం, ఉదయం 11

బావే వంగాడు. నువ్వుండు, నేను తీస్తాను అన్నాడు. దుప్పటి ఎత్తి ఒక్కొక్కటీ లాగి, పైకే లెక్కపెడుతూ సూపర్‌వైజర్‌కి అందించాడు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. నాలుగు అన్నాడు. అక్కడ ఆగితే బాగుండు అనుకున్నాను. ఐదు అన్నాడు. ఆరు అన్నాడు. చివరి పెట్టె చేతిలోకి తీసుకుని, ఆరున్నొకటి అన్నాడు. అనేసి, ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి, పెట్టె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. సూపర్‌వైజర్ తలవంచుకున్నాడు.

ముప్పై ఐదు నిమిషాలు.

సూపర్‌వైజర్ వెళ్లాక చెప్పాను. బావా, పెట్టెకి ఐదు నిమిషాలు పడుతుంది నాకు, అవి అక్క స్నానానికి వెళ్లాక చేసినవి. బావకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. పెదాలు కదిలాయి, లెక్క వేసుకున్నాడు. మంచం మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

ఎంతసేపు కూర్చున్నాడో నేను చెప్పకూడదు.

మార్చి 27, గురువారం

పొద్దున్నే ఏడు అన్నాను. పైకే. అక్క తిట్టలేదు.

మళ్లీ అన్నాను. అప్పుడొచ్చింది ఏడుపు.