ఈసారీ అవే మార్కులు

మిషిగన్,
ఫిబ్రవరి 14, 2012.

మహారాజశ్రీ నాన్నగారికి,

మూడు పళ్లు తక్కువైన మీ పుత్రరత్నం నిశాంత్ నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, మిగిలిన పళ్లూ క్షేమం. షామ్‌బర్గ్‌లో మీరూ, అమ్మా, మీ మోకాలి నొప్పీ క్షేమమని తలుస్తాను.

ఫోన్ ఎత్తకుండా ఈ కాగితమేమిటంటారా, చెబుతాను. ఆదివారాలు చెవి మెలేసి నేర్పిన అక్షరాలు పనికొచ్చాయని అమ్మతో అనండి. కందిపొడి అయిపోయింది. నా రూమ్మేట్ దాన్ని పిజ్జా మీద చల్లుకుంటున్నాడు.

ఐస్ హాకీలో డిఫెన్స్‌మ్యాన్ ఏం చేస్తాడని భీమశంకరం అంకుల్ అడిగారన్నారు. మన గోల్ మీదికొచ్చినవాణ్ణి మంచు చుట్టూ కట్టిన గోడకేసి అదుముతాడు. పని సక్రమంగా చేస్తే ఎవరి కంటా పడడు. ఇంజనీరింగ్ చదివి ఇదేం పనని ఆయనంటే, ఇదీ స్ట్రెస్ అనాలిసిస్సే అనండి.

ఇక అసలు సంగతి. సీజన్ మొదట్లో మాకు కంప్యూటర్ మీద ఒక పరీక్ష ఉంటుంది. మాటలూ బొమ్మలూ చూపించి, గుర్తున్నవి అడుగుతారు. తర్వాత తలకి దెబ్బ తగిలితే మళ్లీ అదే పెడతారు. మార్కులు తగ్గితే ఆట బంద్. అందుకే మాలో కొందరు మొదటిసారి కావాలనే తప్పులు పెడతారు. నేనూ పెట్టాను. తొంభై ఎనిమిది తెస్తే మిగతా రెండూ ఏవిరా అనే ఇంట్లో పుట్టి, కష్టపడి అరవై తెచ్చుకున్నాను.

మొన్న శనివారం ఆటలో నా తల గోడకి కొట్టుకుంది. నిన్న మళ్లీ పరీక్ష. ఈసారి భయమేసింది నాన్నా. ఒట్టు, ఉన్న పళ్లన్నీ బిగపట్టి నిజంగా రాశాను.

ట్రైనర్ నా భుజం తట్టాడు. “సేమ్ స్కోర్, బడ్డీ! ఫ్రైడే ఆడుతున్నావ్.”

అవే అరవై. అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

ఫోన్ వెలుతురు కళ్లలో సూదుల్లా గుచ్చుకుంటోంది. ఈ కాగితం కోసం సొరుగు తీస్తే, మీకే మొదలుపెట్టిన రెండు ఉత్తరాలు దొరికాయి. రెండింట్లోనూ అంకుల్ ప్రశ్నకి జవాబుంది, అదే జోకుతో సహా. రాసిన గుర్తు లేదు.

నిజం చెబుదామని కోచ్ గది దాకా రెండుసార్లు వెళ్లాను. ఏదో జోకేసి వచ్చేశాను. నా చోటు కోసం బెంచి మీద పళ్లన్నీ ఉన్నవాడొకడు కూర్చున్నాడు.

రేపటికి అందేలా పంపుతున్నాను. శుక్రవారంలోగా మీరే రండి. చిన్నప్పుడు స్కూలుకొచ్చి, “మావాడికి ఇంతకంటే ఎక్కువ రావాలండీ, మళ్లీ చూడండి” అని టీచర్లతో దెబ్బలాడేవారు. సిగ్గుతో చచ్చేవాణ్ణి.

ఆ మాట ఇక్కడ ఇంకొక్కసారి చెప్పండి.

ఇట్లు,
మీ అరవై మార్కుల కొడుకు,
నిశాంత్