లైల్ దగ్గర కొన్న పిస్తోలు, మిగతా ఆస్తి

నేను, హోబర్ట్ స్టిడమ్, కెంటకీ రాష్ట్రం, టాలన్ కౌంటీ నివాసిని. బొగ్గు ధూళి నా ఊపిరితిత్తులను తినేసింది గాని బుద్ధిని ముట్టలేదు. ఎవరి బెదిరింపూ, బతిమాలుడూ లేకుండా, నా తదనంతరం ఈ కింది విధంగా జరగాలని రాస్తున్నాను. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. అమలు బాధ్యత నా కూతురు నోరీన్‌ది.

1. ఇల్లు, వెనకున్న కొండవాలు నోరీన్‌కు సర్వహక్కులతో చెందుతాయి. పైకప్పు కారుతుంది. మొదట వంటగది వైపు చూసుకో తల్లీ.

2. నా చిన్నాన్న కొడుకు గార్లండ్‌కు ఏమీ చెందదు. శనివారం సంతలో బల్ల వేసుకుని, తుప్పు మీద రంగు పూసి పాత పిస్తోళ్లు అమ్ముతాడు. నా కొడుక్కి మాత్రం అమ్మొద్దురా అని వెళ్లి అడిగాను. "అడిగినోడికి అమ్ముతా అన్నయ్యా, నేనేమన్నా పాస్టర్నా?" అన్నాడు. నా అంత్యక్రియలకు రానవసరం లేదు.

3. పిస్తోలు. ఇది నా కొడుకు లైల్ దగ్గర కొన్నది. భార్య ట్రీనాను మట్టిలో పెట్టిన దగ్గర్నుంచి వాడు దాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. దాన్ని తన మీదే తిప్పుకుంటాడని నా భయం. ఇచ్చెయ్యమంటే వాడు ఇవ్వడు, ఎందుకురా అని అడిగితే ఇంటికి రావడం మానేస్తాడు. అందుకని బేరానికి వెళ్లాను.

ఈ లోయలో పాత పిస్తోలు కొనేవాళ్లు సరుకు పరీక్షించడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఆ రోజూ అలాగే చూశాను. తూటాలుండే మ్యాగజైన్ తీసి, పైనున్న స్లైడ్ వెనక్కి లాగి, లోపల తూటా లేదని వేలు పెట్టి తడిమాను. టార్చి వేసి గొట్టం లోపల చూశాను. స్లైడ్ వదులైందన్నాను, స్ప్రింగు చచ్చిందన్నాను. వంకలు పెట్టకుండా కొంటే వాడికి అనుమానం వచ్చేది. "నీకు నచ్చిన వస్తువు ఈ భూమ్మీద ఉందా నాన్నా?" అని నవ్వాడు. ట్రీనా పోయాక వాడు నవ్వగా చూడటం అదే మొదటిసారి.

డబ్బు తీసుకుని చెయ్యి చాపాడు. "ఎప్పుడైనా వదిలించుకోవాలంటే ముందు నన్నే అడగాలి." అమ్మినవాడికి ఆ మాట ఇవ్వడం మా ఆనవాయితీ. బతుకంతా చేసిన అలవాటు, ఆలోచించకుండా చెయ్యి కలిపేశాను.

దాన్ని అప్పుడే విరగ్గొట్టాల్సింది. కానీ ప్రతి ఆదివారం వాడు దాన్ని చూసే వంకతో వచ్చి, నూనె పెట్టి, బీన్స్, మొక్కజొన్న రొట్టె తిని వెళ్లేవాడు. పిస్తోలు లేకపోతే వాడూ రాడు. ఇక నేనే ఉండను.

కాబట్టి నోరీన్, దాన్ని లైల్‌కు ఇవ్వవద్దు, అమ్మవద్దు. షెరీఫ్‌కు అప్పగిస్తే వేలానికి వెళుతుంది, వేలంలో ముందు గార్లండ్ నిలబడతాడు. వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి నీ కళ్ల ముందే ముక్కలు కోయించు.

4. లైల్‌కు నా కుక్క బిస్కట్ చెందుతుంది. ముసలిది, ఒక చెవి వినపడదు. పొద్దున్నే తిండి పెట్టకపోతే తలుపు గీరుతుంది, లేచేదాకా వదలదు. నువ్వు లేవాలిరా లైల్. నా దగ్గర ఇంతకంటే ఏమీ లేదు. ఇది చాలుతుందన్న నమ్మకం కూడా లేదు. సంత ప్రతి శనివారం ఉంటుంది.

ఇంకొక మాట. నీ పిస్తోలులో ఏ లోపమూ లేదు. స్లైడ్ బిగువుగా ఉంది, స్ప్రింగు గట్టిది, గొట్టం అద్దంలా ఉంది. అంత మంచిది నేను చూడలేదు. అందుకే కొన్నాను.

2013 నవంబరు 9న, నీకు మాట ఇచ్చిన కుడిచేత్తోనే ఆ మాట తప్పుతూ చేసిన సంతకం:
హోబర్ట్ స్టిడమ్

సాక్షులు:
డెంటన్ ఫ్యూగేట్, పాస్టర్
వెర్నా కూంబ్స్, పక్కింటావిడ