కానుక పెట్టిన కొబ్బరికాయలు

ఆదివారం, పడుకునే ముందు

ఈరోజు మా చర్చి సంఘంలో కోతపండుగ. నేను ఆరు కొబ్బరికాయలు కానుక పెట్టాను. మా పెరట్లో దొరికినవే. కాకపోతే చెట్టు మాత్రం గోడ అవతల సుగుణమ్మగారిది. అది మా వైపు వాలిపోయింది, ముదురు కాయలన్నీ ఇటే రాలతాయి. దేవుడే పంపుతున్నాడని రెండేళ్లుగా నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను.

ఆరాధన అయ్యాక ఎప్పటిలాగే కానుకలు వేలం వేశారు. నా కాయల్ని పట్టుబట్టి పాడుకుంది ఎవరంటే, సుగుణమ్మగారే! కూర్చున్న చాప కిందే దూరిపోవాలనిపించింది.

ఇంటికొస్తుంటే దారిలో ఆవిడ రెండు కాయలు తీసి నా సంచిలో వేశారు.

"పచ్చడి చేసుకోండి వదినగారూ. మా చెట్టు ఏంటో రెండేళ్ల నుంచీ సరిగ్గా కాయట్లేదండీ, అందుకే పాడేను. మీ కాయలు అచ్చం మా కాయల్లాగే ఉన్నాయండీ!"

"ఆయ్" అన్నాను.

రేపు పొద్దున్నే వెళ్లి ఒప్పేసుకుంటాననీ, ఇక ఒక్క కాయ కూడా ముట్టననీ దేవుడికి మాటిచ్చి, ఇప్పుడే మోకాళ్ల మీద నుంచి లేచాను. అంతలో పెరట్లో దబ్బుమని చప్పుడు.

ప్రభువా, తెల్లారేదాకా అయినా ఆగలేకపోయావా?